గళ్ళోడి కొలతలు

జూన్ 2

అత్తా,

వచ్చి పద్దెనిమిది రోజులైంది, ఇప్పుడా ఉత్తరం అని నువ్వు తిట్టుకోవడం నాకు ఇక్కడికే వినపడుతోంది. ఫోన్లో చూస్తూ మాట్లాడదామంటే, నా మొహం ఆగి ఆగి కదిలితే నీకు భయం. మాకేమో గుట్ట దిగితే తప్ప సిగ్నల్ రాదు. కాబట్టి మనకి ఉత్తరాలే గతి. చదివి నాన్నకి కూడా వినిపించు. "ఊఁ" అంటాడు. అంతకంటే ఆశించకు.

నేను చేసే పనేమిటో బయల్దేరే ముందు నీకు పూర్తిగా చెప్పలేదు. చెప్తే పాస్‌పోర్టు దాచేసేదానివి. గబ్బిలాలు, అత్తా. పళ్ళు తినే పెద్ద గబ్బిలాలు. కరెంటు తీగలకి తగిలో, పళ్ళతోటల మీద పరిచిన వలల్లో చిక్కుకునో తల్లులు చచ్చిపోతాయి. పిల్లలు మాత్రం ఆ తల్లి పొట్టనే కరుచుకుని బతికుంటాయి. వాటిని తెచ్చి, పాలు పట్టి, పెంచి, ఎగరడం వచ్చాక వదిలేస్తాం. ముట్టుకునే ముందు మూడు ఇంజెక్షన్లు వేశారు. భుజం ఇప్పటికీ బరువుగా ఉంది.

పిల్లల్ని ఉంచే గదికి ఒక పక్క గోడంతా అద్దమే. మేం అద్దాల గది అంటాం. శనివారాలు చుట్టుపక్కల బళ్ళ నుంచి ఎనిమిది తొమ్మిదేళ్ళ పిల్లలొస్తారు. అద్దం ఇవతల నిలబడి చూస్తారు, ముట్టుకోకూడదు. వాళ్ళకి పాఠం చెప్పేది నేనే. వల కన్నంలో వేలు పడితే ఆ వల ప్రమాదం, వేలు పట్టకపోతే పరవాలేదు అని చెప్పాను. ఇప్పుడు ఊళ్ళో వలలన్నిట్లో వేళ్ళు పెట్టి చూస్తున్నారట.

ఇక్కడ దేనికీ పేరు పెట్టకూడదు. నల్లబల్ల మీద అంకె రాస్తారు. చచ్చిపోతే అంకె మీద అడ్డంగా ఒక గీత, పక్కన తారీఖు. ఆ గీత పిల్లల ముందే గీయాలి. పిల్లలకి అబద్ధం చెప్పకూడదన్నది మా డాక్టరమ్మ మొదటి సూత్రం.

నీతో పని పడింది. వీటిని తల్లి రెక్కలో ఉన్నట్టు మెత్తటి గుడ్డలో చుట్టి పడుకోబెట్టాలి. జానెడు పొడవు, బెత్తెడు వెడల్పు, ఒక చివర మూసిన సంచులు కావాలి. పాత నూలుగుడ్డ అయితే మంచిది. గుండీలు వద్దు. మావయ్య పోయినప్పటి నుంచీ మిషను మీద కప్పిన దుప్పటి ఇంకా తీయలేదని నాన్న చెప్పాడు. తీయవా?

నీ గుండీ


జూన్ 17

గుండీకి,

గబ్బిలాలా! చదువుకున్న పిల్లవి, పెళ్ళి చేసుకోవే అంటే "నాకు బాధ్యతలు వద్దు" అన్నావు, చివరికి తలకిందులుగా వేలాడేవాటికి పాలుపట్టడానికి సముద్రాలు దాటి వెళ్ళావు. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే. ఇంతకీ తలకిందులుగా వేలాడేదానికి సంచి మూతి పైకి కుట్టాలా, కిందకి కుట్టాలా? నీ ఉత్తరంలో అది లేదు. కొలతలిచ్చే పద్ధతి ఇదేనా? నా దుకాణంలో పదిహేనేళ్ళు పెరిగి ఏం నేర్చుకున్నావే?

మీ నాన్నకి చదివి వినిపించాను. "ఊఁ" అన్నాడు. ముప్ఫయ్యేళ్ళు బస్సు నడిపినవాడు, హారన్ తప్ప ఆయన నోరు ఎప్పుడు మోగింది కనక.

దుప్పటి తీశాను. సంచుల కోసం తీయలేదు, దుమ్ము దులుపుదామని తీశాను. తీశాక చూస్తే సూది తుప్పు పట్టి ఉంది. సూది మార్చాక దారం ఎక్కించకుండా ఉంటామా? అలా అలా పన్నెండు సంచులయ్యాయి. అన్నీ మీ మావయ్య పాత చొక్కాలే. ఆయన చొక్కాలంత మెత్తగా ఏ గుడ్డా ఉండదు, ఉతికి ఉతికి అలా చేశాను. పెరిగే పిల్లలకి కుట్టేటప్పుడు లోపల రెండు వేళ్ళు ఎక్కువ గుడ్డ వదలడం నా పద్ధతి, నీకు తెలుసుగా. వీటికీ వదిలాను. పిల్ల ఎదిగితే ఆ కుట్టు విప్పి పెద్దది చేసుకోండి.

దుకాణం తలుపు సగం తెరిచి కుడుతుంటే ఎదురు వీధి పిండిమర ఆవిడ వచ్చి "అమ్మయ్య, తెరిచావా" అని రెండు జాకెట్లు పడేసి పోయింది. తెరవలేదు తల్లీ అని అరిచినా వినలేదు. 

ఏ పిల్లకి ఏ సంచి ఇచ్చావో రాయి. ఎవరు వేసుకున్నారో తెలియని బట్ట కుట్టడం నాకు చేతకాదు.

అత్త


జూలై 4

అత్తా,

పార్సెల్ మొన్ననే వచ్చింది. విప్పగానే దుకాణం వాసన. డాక్టరమ్మ ముందు పరువు పోయేలా ఏడ్చాను.

ఇక్కడ ఎవరు పంపిన గుడ్డనైనా తిరగేసి, లోపలి కుట్టంతా వేలితో తడిమి చూశాకే వాడాలి. డాక్టరమ్మ చూడబోతుంటే "మా అత్త కుట్టు, చూడక్కర్లేదు" అన్నాను. ఆవిడ నవ్వి, "నీ పూచీ" అంది. అంత గొప్పగా ఎప్పుడూ అనిపించలేదు నాకు.

అదే సాయంత్రం ఒకడొచ్చాడు. వాడి అంకె నలభై ఒకటి. తీగ మీద చచ్చిపోయిన తల్లిని పట్టుకుని ఉన్నాడు. గోళ్ళు ఒక్కొక్కటీ విడిపించడానికి అరగంట పట్టింది. ఎనభై రెండు గ్రాములు. నీ చేతిలో రెండు దారపు ఉండలు పెట్టుకో, అంతే బరువు. మావయ్య నీలం గళ్ళ చొక్కా సంచి వాడికిచ్చాను. అందులోకి వెళ్ళగానే కీచుమనడం మానేశాడు. రెండు బొటనగోళ్ళతో గుడ్డ పట్టుకుని, కళ్ళు ఇంతింత చేసి నన్నే చూస్తాడు. నాలుగు గంటలకోసారి పాలు. తాగుతున్నంతసేపూ చెవులు ఆడిస్తాడు.

శనివారం ఒక పిల్ల అద్దానికి ముక్కు ఆనించి, "టీచర్, వాళ్ళమ్మ వాడికి గుర్తుంటుందా?" అంది. తెలియదు అన్నాను. నాకు నిజంగానే తెలియదు.

గుండీ


జూలై 17

గుండీకి,

ఉత్తరం నాలుగు సార్లు చదివాను. పిండిమర ఆవిడకి ఒకసారి, మీ నాన్నకి ఒకసారి, నాకు నేను రెండు సార్లు.

నలభై ఒకటి ఏమిటే, వాడేమన్నా ఖైదీయా? మీ డాక్టరమ్మ సూత్రం మీ దగ్గరే ఉండనీ. నా దగ్గర వాడి పేరు గళ్ళోడు. గళ్ళోడు ఏ పూట ఎంత తాగాడు, ఎంత బరువు పెరిగాడు, చెయ్యి ఎంత సాగింది, అన్నీ రాయి. కొలతలు మారితే సంచి మారాలి. పాలు నాలుగు గంటలకోసారి అన్నావు కదా, నీ గడియారానికీ నా గడియారానికీ తేడా లెక్కేసి గోడ మీద రాసిపెట్టుకున్నాను. ఆ టైముకి మిషను ఆపేస్తాను. ఎందుకంటే ఏం చెప్పను? వాడు తాగేటప్పుడు చప్పుడెందుకని.

నవ్వకు.

దుకాణం ఇప్పుడు పూర్తిగా తెరిచాను. అద్దకం కొట్టు అతను బోర్డు తుడిచిపెట్టాడు. మోకాళ్ళు పొద్దున కాస్త మొరాయిస్తాయి, తర్వాత అవే దారికొస్తాయి. మీ మావయ్య పోయిన ఎనిమిదేళ్ళకి నిన్న రాత్రి అన్నం రెండోసారి వడ్డించుకున్నాను.

ఆ గళ్ళ చొక్కా గురించి నీకు ఒక సంగతి చెప్పాలి. ఇప్పుడు కాదు. మనసు కుదిరినప్పుడు.

అత్త


జూలై 21 — పోస్టు చేయనిది

అత్తా,

గళ్ళ సంచిలో ఉన్న నలభై ఒకటి నిన్న పోయాడు. లోపల నువ్వు వదిలిన గుడ్డ ఉంది చూడు, దాని అంచు దారం ఊడి, వాడి బొటనగోరుకి

నేను తిరగేసి చూడలేదు. చూడక్కర్లేదన్నాను.

అత్తా, ఇది నీకెలా రాయను


జూలై 30

అత్తా,

నీ ఉత్తరం అందింది. దుకాణం తెరిచావన్న ముక్క పదిసార్లు చదివాను.

గళ్ళోడు బాగున్నాడు. నూట నలభై ఆరు గ్రాములు. మోచెయ్యి నుంచి మణికట్టు దాకా ఎనభై మిల్లీమీటర్లు. పాలు బాగా తాగుతున్నాడు.

ఇక్కడ పని ఎక్కువగా ఉంది. వానలు. పాఠాలు మామూలే. ఇంకో సంగతి, ఈసారి సంచులకి లోపల ఎక్కువ గుడ్డ వదలకు. కుట్టు బయటికి రావాలి, లోపల నున్నగా ఉండాలి. ఇక్కడ రూలు మార్చారు.

మోకాళ్ళు జాగ్రత్త.

గుండీ


ఆగస్టు 13

గుండీకి,

ఉత్తరం మరీ పొడిగా ఉంది. ఒంట్లో బాగాలేదా? ఎవరైనా ఏమన్నా అన్నారా? మీ డాక్టరమ్మ ఏమన్నా అంటే చెప్పు, నేను ఉత్తరం రాస్తాను, ఆవిడకి తెలుగు రాకపోయినా తిట్టు అర్థమవుతుంది.

నువ్వు చెప్పినట్టే కుట్టాను. కొత్త కొలతలకి ఆరు సంచులు. అందులో గళ్ళోడికి ప్రత్యేకంగా ఒకటి, అదే చొక్కా రెండో చెయ్యి తీసి కుట్టాను. పాతదాని మీద బెంగ పెట్టుకోకుండా ఉంటాడని.

ఆ చొక్కా సంగతి చెప్తానన్నాను కదా. నువ్వు అద్దాల గది అని రాసిన చోట ఒకసారి ఉత్తరం కింద పెట్టేశాను. నువ్వు పుట్టడానికి మూడేళ్ళ ముందు నాకొక బిడ్డ పుట్టి పోయాడని నీకు తెలుసు. ఎలా పోయాడో ఎవరూ చెప్పి ఉండరు. పుట్టినవాణ్ణి నాకు ఒక్కసారి చూపించి, ఊపిరి సరిగా అందడం లేదని అద్దాల గదిలోకి తీసుకెళ్ళారు. నాకు జ్వరం, లేవనివ్వలేదు. మీ మావయ్య ఈ గళ్ళ చొక్కా వేసుకునే వచ్చి నా మంచం పక్కన కూర్చుని, "బాగున్నాడు, తేరుకుంటున్నాడు" అన్నాడు. వెనకాల మీ నాన్న తలూపాడు. మర్నాడూ అదే మాట. మూడోరోజూ అదే. ఆ మూడు రోజులూ నేను మంచంలోనే కూర్చుని చేత్తో టోపీలు కుట్టాను. నాలుగు టోపీలు. నాలుగోది కాస్త పెద్దగా కుట్టాను, పెరుగుతాడు కదా అని.

వాడు మొదటిరోజు రాత్రి కాకముందే పోయాడట.

నా ఆరోగ్యం కోసమే చెప్పలేదన్నారు. నిజమే అయ్యుంటుంది. నేను ఎవరినీ ఏమీ అనలేదు. ఆ తర్వాత మీ మావయ్యతో ఇరవై మూడేళ్ళు కాపురం చేశాను, మంచివాడు. కానీ ఆయన "బాగున్నాను" అంటే కూడా మొహం చూసి సరిచూసుకునేదాన్ని.

నువ్వు మాత్రం గుండీ మింగిన రోజు కూడా నా దగ్గరికొచ్చి "మింగేశాను అత్తా" అని నిజం చెప్పావు. నాకు అబద్ధం చెప్పని మనిషివి నువ్వొక్కదానివే. అందుకే గళ్ళోడి బరువు నువ్వు రాస్తే నేను కళ్ళు మూసుకుని కత్తెర పెడతాను.

అత్త


ఆగస్టు 29

అత్తా,

నీ ఉత్తరం చదివాను. అంత సంగతి ఇన్నేళ్ళు మోశావా?

సంచులు అందాయి. సరిపోయాయి. గళ్ళోడు ఇప్పుడు రెండువందల ముప్ఫై ఎనిమిది. తీగకి వేలాడి రెక్కలు కొట్టడం మొదలెట్టాడు. ఇంక సంచి అవసరం ఉండదు, కుట్టకు. నెల తిరిగేసరికి పెద్ద పంజరంలోకి, అక్టోబరులో బయటికి వదిలేస్తాం. వదిలాక మళ్ళీ కనపడడు. అది మంచిదే. వాడి గురించి ఇంక బెంగపడకు. నువ్వు దుకాణం చూసుకో, పండగ బట్టల పని చూసుకో, అంతే నాకు కావలసింది.

డాక్టరమ్మ వారం సెలవు తీసుకోమంది. తీసుకోలేదు. ఖాళీగా కూర్చుంటే పిచ్చెక్కుతుంది.

గుండీ


సెప్టెంబర్ 14

గుండీ,

మీ బడిపిల్లలు పంపిన కాగితం అందింది. చాపంత కాగితం, చుట్టూ పిల్లల సంతకాలు. భాష నాకు రాదు, బొమ్మలకి భాష అక్కర్లేదుగా. నేను కుట్టిన పద్దెనిమిది సంచుల్లో పదిహేడు గీశారు. ఒక్కో సంచి కింద ఒక్కో అంకె. కొన్నిటి పక్కన ఎగిరిపోతున్న గబ్బిలం. నీలం గళ్ళ సంచి కింద నలభై ఒకటి. దాని మీద గీత. పక్కన జూలై 20. కింద చిన్న మట్టిదిబ్బ, దాని మీద పువ్వు.

గీతంటే ఏమిటో నువ్వే రాశావు.

జూలై ముప్ఫైన నూట నలభై ఆరు గ్రాములన్నావు. ఎవరిని తూచావు? ఆగస్టులో రెండువందల ముప్ఫై ఎనిమిదన్నావు. రెక్కలు కొట్టాడన్నావు. ఏ రెక్కలు?

నా కథంతా విన్నాక కూడా రాశావు. అదే నాకు కొరుకుడు పడటం లేదు. తెలియక ముందు చెప్పినదానికి క్షమించేదాన్ని. నా చేత లేని బిడ్డకి బట్టలు కుట్టించింది చాలక, తెలిశాక మళ్ళీ వాడు ఎదుగుతున్నాడని రాశావు. వాడు మట్టిలో ఉంటే నేను ఇక్కడ పాల టైముకి మిషను ఆపుకుని కూర్చున్నాను. మీ ఇంట్లో అందరికీ నేనంటే అంత చులకనా, లేకపోతే అంత భయమా?

మీ నాన్నకి కాగితం చూపించాను. చూసి వెళ్ళిపోయాడు. "ఊఁ" కూడా అనలేదు.

ఇప్పుడు నాకు కావలసింది క్షమాపణ కాదు. వాడు ఎలా పోయాడో రాయి. ఏ పూట, ఎందువల్ల, ఎంతసేపు, ఎవరి దగ్గర. ఒక్క ముక్క దాచినా నాకు తెలిసిపోతుంది. దాచాలనుకుంటే ఇంక ఉత్తరం రాయకు.

అత్త


సెప్టెంబర్ 26

అత్తా,

దాచను.

జూలై 19 మధ్యాహ్నం రెండింటికి వాడికి పాలు పట్టాను. తొమ్మిది మిల్లీలీటర్లు తాగాడు. మూతి తుడిచి, నీ గళ్ళ సంచిలో పెట్టి, వెచ్చటి దిండు మీద పడుకోబెట్టి, పిల్లలకి బొమ్మల కాగితాలు సిద్ధం చేయడానికి పక్క గదికి వెళ్ళాను. ఐదింటికి తిరిగొచ్చాను.

సంచి లోపల నువ్వు వదిలిన రెండు వేళ్ళ గుడ్డ ఉంది కదా, దాని అంచు ఊడింది. ఆ దారం వాడి కుడి బొటనగోరుకి చుట్టుకుంది. విడిపించుకోవడానికి లాగినకొద్దీ బిగుసుకుంది. పెనుగులాటలో సంచిలోంచి బయటికొచ్చి, దిండు మీంచి జారి, బల్ల అంచున ఆ గోటితోనే వేలాడుతున్నాడు. ఎంతసేపటి నుంచో తెలియదు. మూడు గంటల్లో ఎప్పుడైనా కావచ్చు. ఒళ్ళు చల్లబడిపోయింది. అరిచే ఉంటాడు. నేను పక్క గదిలో పిల్లల పాట పెట్టుకుని కాగితాలు కత్తిరిస్తున్నాను. వినపడలేదు.

దారం కోసి, నా చొక్కా లోపల పెట్టుకుని వెచ్చబెట్టాను. డాక్టరమ్మ నీళ్ళు ఎక్కించింది. రాత్రికి కళ్ళు తెరిచాడు, పాలు మాత్రం మింగలేదు. మర్నాడు పొద్దున పదకొండూ ఇరవైకి పోయాడు. అరచేతిలో ఉన్నాడు, ఎడమ అరచేతిలో. ఊపిరి ఆగి ఆగి వచ్చింది. ఒక్కోసారి ఆగిపోయిందనుకునేంతలో మళ్ళీ వచ్చేది. చివరిదాకా నా చూపుడు వేలు పట్టుకునే ఉన్నాడు. పట్టు వదిలాక కూడా కాసేపు అలాగే కూర్చున్నాను. తర్వాత డాక్టరమ్మ వచ్చి తీసుకుంది.

గళ్ళ సంచిలోనే చుట్టి వెనక గోడ పక్కన పూడ్చాను. శనివారం పిల్లల ముందు గీత గీసింది నేనే. ఎందుకు పోయాడని అడిగారు. "గుడ్డ తిరగేసి చూడటం నేను మర్చిపోయాను" అన్నాను. మర్చిపోలేదు అత్తా. చూడక్కర్లేదని గొప్పకి పోయాను. పిల్లలకి కూడా సగమే చెప్పాను.

కుట్టు నీదే, చూడాల్సింది నేను. నీకు గబ్బిలం గోరు గురించి తెలియదు, నాకు తెలుసు. ఇది నిన్ను ఓదార్చడానికి రాయడం లేదు. ఇక్కడి రిజిస్టరులో కూడా నా తప్పనే రాశారు, నేనే రాయమన్నాను.

మొదట నీకోసమే దాచానని అనుకున్నాను. మిషను మీద మళ్ళీ దుప్పటి పడుతుందని భయం. నీ అద్దాల గది ఉత్తరం వచ్చాక అది కూడా సాకు అయిపోయింది. అప్పుడు చెప్తే నువ్వు నన్ను ఆ మూడు రోజుల వాళ్ళలో కలిపేస్తావు. అందుకని ఇంకా లోపలికి దిగాను. వాణ్ణి వదిలేశామని రాసేస్తే అంతటితో అయిపోతుందనుకున్నాను. పిల్లలు బొమ్మల కాగితాలు పంపాల్సినవాళ్ళ లిస్టులోంచి నీ పేరు నేనే కొట్టేశాను. పిల్లలు పార్సెల్ కాగితం మీది అడ్రసు దాచుకున్నారు. బట్టలు పంపినవాళ్ళకి ఏ బట్ట ఎవరికి పనికొచ్చిందో చెప్పాలని నేనే నేర్పాను వాళ్ళకి.

ఒకటి చెప్పాలి, ఇది నీకు తెలియకపోయినా నష్టం లేదు కానీ చెప్తున్నాను. ఆగస్టంతా నేను వాణ్ణి పెంచాను. ఏ వారానికి ఎంత బరువుండాలో పుస్తకంలో పట్టిక ఉంటుంది, అది చూసి రాసేదాన్ని. రెక్కలు కొట్టే వయసొచ్చిందని పట్టికలో ఉంటే రెక్కలు కొట్టించాను. రెక్కలు కొట్టాడన్న ఉత్తరం రాయడానికి ముందురోజు, పాలు పట్టేవాటిని లెక్కపెడుతుంటే ఒకటి తగ్గింది. మళ్ళీ లెక్కపెట్టాను. బల్లల కింద, తెరల వెనక వంగి వెతికాను. డాక్టరమ్మ "అన్నీ ఉన్నాయిగా, ఎవరి కోసం వెతుకుతున్నావు?" అంది. అప్పుడు తెలిసింది నేను వెతికేది వాణ్ణని. సెలవు తీసుకోమన్నది అందుకే.

నువ్వు పంపిన పెద్ద గళ్ళ సంచి ఎవరికీ వేయలేదు. నా తలగడ కింద ఉంది.

ఇంక దాచింది ఏమీ లేదు.

గుండీ


అక్టోబర్ 11

గుండీకి,

నీ ఉత్తరం వచ్చిన రోజు దుకాణం మూసి చదివాను. అయ్యాక ముందు నా చేతుల్ని చూసుకున్నాను. నలభై ఏళ్ళుగా గర్వంగా చెప్పుకున్న పద్ధతి, పెరిగే పిల్లలకి లోపల గుడ్డ వదలడం. అదే వాణ్ణి పట్టుకుంది. ఏడ్చాను. నీ మీద కోపంతో కొంత, వాడి కోసం కొంత. ఆ తర్వాత లేచి, మొదటి పార్సెల్లో పంపిన సంచులు అక్కడ ఇంకా ఎన్ని వాడుతున్నారోనని కంగారు పుట్టింది. ఉంటే తీసేయించు. కుట్టు బయటికి తిప్పినవి పదహారు దీంతో పంపుతున్నాను. ఒక్కొక్కటీ తిరగేసి, వేలితో తడిమి చూడు. అత్త కుట్టు అయితే మరీ చూడు.

దుప్పటి కప్పుతానని భయపడ్డావుగా. కప్పలేదు. పిండిమర ఆవిడ జాకెట్టు ఇవ్వకపోతే ఊరుకుంటుందా?

నీ మీద కోపం పోయిందని రాయను. ఉంది. అబద్ధం చెప్పినందుకు ఉంది, తెలిసి చెప్పినందుకు ఇంకా ఉంది. వచ్చాక ఎదురుగా కూర్చోబెట్టి తిడతాను, అప్పుడు పోతుంది. కానీ నువ్వు ఎడమ అరచెయ్యి అని రాశావు. పదకొండూ ఇరవై అని రాశావు. నాకు ఇన్నేళ్ళలో ఎవరూ అలా చెప్పలేదే.

ఆ ఉత్తరం పట్టుకుని మీ నాన్న దగ్గరికి వెళ్ళాను. ఆయన పెరట్లో కుర్చీలో కూర్చుని గోళ్ళు తీసుకుంటున్నాడు. చదివి వినిపించాను. తల ఎత్తలేదు. చదవడం అయ్యాక అడిగాను, "అన్నయ్యా, నా బిడ్డ ఎవరి దగ్గర పోయాడు?" అని.

ఎప్పుడూ అడగలేదు గుండీ. మీ మావయ్యని కూడా. అడిగితే వాడి దగ్గర ఎవరూ లేరని చెప్తారని భయం.

మళ్ళీ గోళ్ళు తీసుకోవడంలో పడ్డాడు. నేను లేచి వచ్చేద్దామనుకున్నాను. అప్పుడు అన్నాడు, "బావగారు మందుల కోసం కిందకి వెళ్ళారు. నర్సు నన్ను లోపలికి పిలిచింది. ఇంక లాభం లేదు, ఎత్తుకుంటారా అంది. నాకు ఎత్తుకోవడం చేతకాదమ్మా అన్నాను. అయినా చేతుల్లో పెట్టింది."

"ఎంతసేపు?" అన్నాను.

"బస్సు ఒక ట్రిప్పు వేసొచ్చేంతసేపు. ముప్పావుగంట. ఏడవలేదు. నా యూనిఫారం జేబు పట్టుకున్నాడు. ఆ చొక్కా నేను మళ్ళీ వేసుకోలేదు."

"నాకెందుకు చెప్పలేదు?"

"నేను నీ గదిలోకి వచ్చేసరికి నువ్వు టోపీ కుడుతున్నావు. అది పైకెత్తి, సరిపోతుందా అన్నయ్యా అని అడిగావు. నేను తలూపాను. ఒకసారి ఊపాక ఎక్కడ ఆపాలో తెలియలేదమ్మా. ముప్ఫై ఒక్క ఏళ్ళయింది."

అని ఏడ్చాడు. మీ నాన్న ఏడవడం నేను మా అమ్మ పోయినప్పుడు కూడా చూడలేదు. పక్కన కూర్చున్నాను. ఆయన పక్కన పెట్టుకున్న టీ చల్లారిపోయింది. మళ్ళీ పెట్టుకుని ఇద్దరం తాగాం.

నీకెప్పుడూ చెప్పని మాట ఒకటుంది. ఎవరికీ చెప్పలేదు. నాకు వాడి ఏడుపు వినపడుతుంది. మిషను తొక్కుతుంటే దాని చప్పుడు వెనకాల, నీళ్ళు పట్టేటప్పుడు బకెట్లో. అద్దం అవతల ఒక్కడే పడుకుని, ఎవరైనా వస్తారేమోనని ఏడుస్తున్నట్టు. ఇప్పుడు ఆగిపోయిందని రాస్తే, నువ్వు చెప్పినట్టే నేనూ అబద్ధం చెప్పినట్టవుతుంది. ఆగలేదు. ఇది రాస్తున్నప్పుడు కూడా వినపడుతోంది. కాకపోతే ఆ గదిలో ఇప్పుడు మీ నాన్న ఉన్నాడు.

అత్త